రెండు సంచుల నల్ల దుమ్ము

"సోల్‌బక్కెన్ గృహ సహకార సంఘం సభ్యులందరికీ తెలియజేయడమేమనగా: ఈ ఏడాది వసంత శ్రమదానంలో మన వీధి నుంచి ఊడ్చిన దుమ్ము మొత్తం తొమ్మిది సంచులు. అందులో ఏడు సంచులు చలికాలంలో మంచు మీద చల్లిన కంకరపొడి. దానికి పురపాలక సంఘం బాధ్యత వహిస్తుంది. మిగిలిన రెండు సంచుల దుమ్ము నల్లగా, మెత్తగా, చేతికి అంటుకునేదిగా ఉన్నది. దీని యజమాని ఎవరో ఇంతవరకు తెలియరాలేదు. తెలిసినవారు అధ్యక్షునికి తెలియజేయవలసినదిగా కోరడమైనది. ఇట్లు, హాల్వోర్ ట్వైటెన్, అధ్యక్షుడు."

ఈ ప్రకటనను చెత్తడబ్బాల గది తలుపు మీద అంటించారు. సోల్‌బక్కెన్‌లో ముఖ్యమైన సంగతులన్నీ ఆ తలుపు మీదే తెలుస్తాయి. పన్నెండు ఇళ్లవాళ్లూ చదివారు. చదివి, తల పంకించి, వాన వచ్చేలా ఉందనుకుని లోపలికి వెళ్లిపోయారు. ఒకరి తప్పు ఒకరు ముఖం మీద చెప్పడం అక్కడ మర్యాద కాదు. పేరు రాయకుండా కాగితం మీద రాసి అందరికీ చెప్పడం మర్యాద. దుమ్ము నాదేనంటూ మాత్రం ఒక్కరూ రాలేదు.

వచ్చి ఉంటే హాల్వోర్ నెత్తిమీద బరువు దిగిపోయేది. ఎల్వెస్టాద్ పురపాలక సంఘం ఏటా ఒక వాడకు 'హరిత ప్రాంగణం' అనే ఫలకం ఇస్తుంది. తుక్కు ఇనుముతో చేసిన, భోజనం పళ్లెమంత ఫలకం. తొమ్మిదేళ్ల అధ్యక్షతలో హాల్వోర్ దానికోసం తొమ్మిదిసార్లు దరఖాస్తు చేశాడు. ఈసారి కూడా రాకపోతే పదవి వదిలేస్తానని నిరుడు సర్వసభ్య సమావేశంలో తనే అన్నాడు. అన్నప్పుడు ఎవరూ వద్దనలేదు. ఆ మౌనం ఆయనకింకా చెవుల్లో వినిపిస్తూనే ఉంది.

ఈసారి అన్నీ కుదిరాయి, ఏడో నిబంధన ఒక్కటి తప్ప. కారణం తేలని దుమ్ము సంచికి మించి ఉన్న వాడకు ఫలకం ఇవ్వరాదని ఏడో నిబంధన. పురపాలక సంఘంలో వాతావరణ సలహాదారుగా ఆ నిబంధన రాసింది కూడా హాల్వోరే. పక్కనున్న గ్రాన్‌లియా వాడకు ఫలకం వచ్చే ప్రమాదం ఏర్పడినప్పుడు, ప్రజాహితాన్ని దృష్టిలో పెట్టుకుని రాత్రికి రాత్రి రాశాడు. తాను తవ్విన గోతిలో తానే పడడం అంటే ఏమిటో ఆయనకు ఏప్రిల్ నెలాఖరులో అనుభవంలోకి వచ్చింది.

హాల్వోర్‌కు యాభై ఎనిమిదేళ్లు. ఒకే చలికోటు పద్నాలుగేళ్లుగా తొడుక్కుంటున్నాడు. మధ్యాహ్నం రెండు రొట్టెముక్కలు, వాటిమీద గోధుమరంగు జున్ను, మధ్యలో మైనపు కాగితం. తిన్నాక ఆ కాగితాన్ని మడిచి మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. నార్వేలో నేనింతవాణ్ని అని చెప్పుకున్నవాడిని ఎవరూ క్షమించరు. నేనేపాటివాణ్ని అంటూ ఎంత పెద్ద బండి కొన్నా క్షమిస్తారు. అందుచేత ఆయన మూడేళ్ల క్రితం భూగోళాన్ని కాపాడాలని నిశ్చయించుకుని, ఎంతో వినయంగా, రెండున్నర టన్నుల విద్యుత్ కారు కొన్నాడు. భూగోళం మీద అభిమానం సోల్‌బక్కెన్‌లో అందరికీ సమానమే కాబట్టి పన్నెండిళ్లలో పదకొండిళ్ల ముందు అలాంటి కార్లే నిలబడ్డాయి. పన్నెండో ఇంటి ముందు మాత్రం ఇరవైరెండేళ్లనాటి ఎర్రటి చిన్న పెట్రోలు కారు ఉంటుంది. అది ఆస్లౌగ్ గారిది. ఆవిడకు ఎనభై ఒకటి. టెలిఫోను శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి, ఏకాకి.

హాల్వోర్‌కు జీవితంలో ఒకే ఒక్క దురలవాటు ఉంది. కొండ దిగగానే పాత రంపపు మిల్లు దగ్గర ఒక సిగ్నల్ వస్తుంది. అక్కడ పచ్చదీపం వెలగగానే ఆయన కుడికాలు నేలదాకా దిగుతుంది. రెండున్నర టన్నుల బండి చప్పుడు లేకుండా ఎగిరి ముందుకు దూకుతుంది. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లూ ఆయన అధ్యక్షుడు కాదు, సలహాదారు కాదు, ఎవరికీ ఆదర్శం కాదు. వీపు సీటుకు అతుక్కుపోతుంది, కడుపులో చిన్ననాటి ఉయ్యాల ఊగుతుంది. వేగం పరిమితిని తాకగానే కాలు తీసేస్తాడు. చట్టాన్ని ఏనాడూ అతిక్రమించలేదు. అతిక్రమించకుండానే ఇంత సుఖం దొరుకుతుందని యాభై అయిదేళ్లు వచ్చేదాకా ఆయనకు తెలియదు.

ఈ సంగతి ఆయన భార్య సున్నివాకు తెలుసు. పక్క సీట్లో కూర్చునేది ఆవిడే.

"దీపం పచ్చబడితే చాలు, నా కాఫీ నా ఒళ్లోకి వస్తోంది. ఇది కూడా వాతావరణ మార్పేనా?" అని ఒకసారి అడిగింది.

"రోడ్డు బాగాలేదు," అన్నాడు హాల్వోర్.

"నువ్వు నడిపితేనే బాగుండదు పాపం. నేను నడిపితే బ్రహ్మాండంగా ఉంటుంది," అంది సున్నివా, స్కర్టు దులుపుకుంటూ.

శ్రమదానం జరిగిన మరునాడు కాక ఆ మరునాడు, సోమవారం, హాల్వోర్ టైర్ల హోటలుకు వెళ్లాడు. ఆ ఊళ్లో చలికాలపు చక్రాలు వేసవి అంతా, వేసవి చక్రాలు చలికాలమంతా ఆ హోటల్లో బస చేస్తాయి. ఒక్కో కారు చక్రాలకు ఒక్కో అర, దానిమీద యజమాని పేరు, వచ్చిన తేదీ ఉంటాయి. మనుషులకైతే ఇంత శ్రద్ధగా చూసే హోటలు ఎల్వెస్టాద్‌లో లేదు. దాన్ని నడిపే యోరున్‌కు నలభై దాటాయి. ఇరవయ్యేళ్లుగా ఊరివాళ్ల టైర్లు చూస్తోంది కాబట్టి ఊరివాళ్ల గురించి ఆవిడకు మతగురువు కన్నా ఎక్కువే తెలుసు. కానీ మతగురువులాగే బయటపెట్టదు.

"రండి హాల్వోర్ గారూ. ఇటోసారి చూడండి," అంటూ ఆయన వేసవి చక్రాలను దొర్లించుకొచ్చి, గాడిలో కొలబద్ద దించింది. "ముందువి ఆరు మిల్లీమీటర్లు. బంగారంలా ఉన్నాయి. వెనకవి చూడండి, రెండు. నిరుడు ఏప్రిల్లో నేనే వేశాను. అప్పుడు నాలుగూ ఎనిమిదే."

"సరుకు నాసిరకం," అన్నాడు హాల్వోర్ తడుముకోకుండా.

"ఇప్పుడు ఊడదీసిన చలికాలంవీ ఇంతేనండీ. వెనకవి రెండే అరిగాయి. అవి వేరే కంపెనీవి."

"అయితే రెండు కంపెనీలూ నాసిరకమే."

"ముందు చక్రాలు కూడా ఆ కంపెనీలవే కదండీ మరి? అమరిక చూశాను, సరిగ్గా ఉంది. గాలి సరిగ్గా ఉంది. బండిని తోసేవి వెనక చక్రాలే. ఇంక మిగిలింది..." అని యోరున్ ఆయన కుడి బూటు వైపు ఒక్క క్షణం చూసి, మర్యాదస్తురాలు కాబట్టి చూపు తిప్పుకుంది.

హాల్వోర్ సంచిలోంచి ఒక పట్టిక తీశాడు. మూడు మోటారు పత్రికల్లో వచ్చిన టైర్ల పరీక్షలన్నీ చదివి, నలభైమూడు గడులతో నెలరోజులు కూర్చుని తయారుచేసిన పట్టిక అది. తడి రోడ్డు మీద ఆగే దూరం, చప్పుడు, దొర్లేటప్పటి ఒరిపిడి, కర్మాగారంలో కార్మికుల సంక్షేమం అన్నీ ఉన్నాయి. నడిపే మనిషికి మాత్రం అందులో గడి లేదు.

"గట్టి రబ్బరు కావాలా, మెత్తనిదా?" అంది యోరున్. "గట్టిదైతే చాలాకాలం వస్తుంది, తడిలో కాస్త జారుతుంది. మెత్తనిదైతే రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, కానీ తొందరగా అరుగుతుంది. బరువు బళ్లకని ఇంకో రకం వచ్చింది, లోపల స్పాంజి ఉంటుంది, చప్పుడు రాదు."

"అరగకూడదు, జారకూడదు, చప్పుడు రాకూడదు, ప్రకృతికి హాని చేయకూడదు. అలాంటిది చూపించండి."

"అలాంటివి ఆ పై అరలో ఉన్నాయి. ఆయన కారు అమ్మేశాడు, చక్రాలు మర్చిపోయాడు. నాలుగేళ్లుగా ఒక్క పిసరు అరగలేదు," అంది యోరున్. తర్వాత అరిగిన టైరు మీద వేలితో రాసి, ఆ వేలు ఆయనకు చూపించింది. "ఆ రెండు సంచుల సంగతి నేనూ విన్నాను లెండి."

వేలి మీద ఉన్నది నల్లగా, మెత్తగా, అంటుకునేదిగా ఉంది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నట్టు, హాల్వోర్ తనకు తెలియకుండానే పద్నాలుగేళ్లనాటి చలికోటు దులుపుకున్నాడు. స్పాంజి ఉన్న మెత్తరకం నాలుగు వేయించుకుని వెళ్లిపోయాడు. మిల్లు దగ్గర దీపం పచ్చబడింది. కొత్త టైర్ల పట్టు అద్భుతంగా ఉంది.

ఆ వారంలోనే నల్ల దుమ్ము విచారణ సంఘం ఏర్పడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇంటిదొంగే విచారణ సంఘానికి అధ్యక్షుడైనప్పుడు ఈశ్వరుడిని పిలవడం కూడా అనవసర శ్రమ అవుతుంది. సభ్యుడిగా మూడో నంబరు ఇంటి స్టైనార్‌ను తీసుకున్నారు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు, దేన్నయినా కొలవగలడు, దేనికైనా సూత్రం రాయగలడు.

విచారణ సంఘం మూడు వారాల్లో ఎనిమిదిసార్లు కాఫీ తాగుతూ సమావేశమైంది. దుమ్ము రాజధాని నుంచి గాలికి కొట్టుకొచ్చి ఉండవచ్చునని మొదట భావించి, స్టైనార్ మేడమీద గాలి దిక్కు చూపే గాలికోడిని బిగించాడు. గాలి పది రోజులూ రాజధాని వైపే వీచింది. తర్వాత అనుమానం బూట్ల అడుగుల మీదికి మళ్లింది. ఇంటింటికీ ఫారాలు పంచి, ఒక్కో మనిషికి ఎన్ని జతలున్నాయి, వారానికెంత నడుస్తారు, కాళ్లు ఈడ్చే అలవాటుందా అని అడిగారు. నూటికి నూరు మంది కాళ్లు ఎత్తి నడుస్తామని రాసిచ్చారు. దుమ్ములో ఒక చెంచాడు పరీక్షకు పంపిస్తే ప్రయోగశాల నుంచి ఒకే వాక్యం జవాబుగా వచ్చింది: "ఇది కారు టైర్ల రబ్బరు." దీన్ని ప్రయోగశాల వారి వ్యక్తిగత అభిప్రాయంగా నమోదు చేశారు.

"ఇన్ని పరీక్షలెందుకు? ఒకసారి అద్దం ముందు నిలబడరాదూ?" అంది సున్నివా.

ఆ మాట హాల్వోర్‌కు గుచ్చుకుంది. ఎంత బడాయి ఉన్నా ఆయన చెడ్డమనిషి కాదు. వీధి మొత్తంలో తానొక్కడే దోషి అనుకున్నాడు. తక్కిన ఇళ్లవాళ్లు తనను నమ్మి సంచులు పట్టుకుని ఊడ్చారే, వాళ్లు ఊడ్చింది తన సుఖాన్నే కదా అని సిగ్గుపడ్డాడు. రెండు రోజులు సరిగా నిద్రపట్టలేదు. చివరికి ఒక కాగితం మీద ఒప్పుకోలు రాసుకున్నాడు. మొదటి చిత్తులో "కొన్ని అనివార్య పరిస్థితులలో త్వరణం సంభవించినది" అని ఉంది. అయిదో చిత్తుకు "నేనే తొక్కాను" అన్న మాట వచ్చింది. దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అధ్యక్షుడే దోషైన వాడకు ఫలకం రాకపోతే పోనీ, పదవి పోతే పోయింది అనుకున్నాడు. అనుకున్నాక కొంచెం హాయిగా కూడా అనిపించింది.

ఒప్పుకోలుకు సాక్ష్యం ఉండాలి కదా అని, మే నెలాఖరు సర్వసభ్య సమావేశానికి ముందు, యోరున్‌ను పిలిచి పన్నెండు కార్ల టైర్లూ కొలవమన్నాడు. కొత్తవి వేసి నెలే అయినా తన కారు ఒక్కటే అరిగినట్టు తేలుతుంది, ఊడదీసిన పాత టైర్ల లెక్క ఆవిడ దగ్గరే ఉంది, అప్పుడు లేచి నిలబడి చెప్పేయవచ్చునని ఆయన ఆలోచన.

సమావేశం నేలమాళిగ హాల్లో జరిగింది. తీపి అట్ల లాంటి వాఫుల్స్ కాలుతున్నాయి, జామ్ గిన్నె చేతులు మారుతోంది. యోరున్ నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా చీటీ చదివింది.

"ఒకటో నంబరు: ముందువి ఆరు, వెనకవి రెండు. రెండో నంబరు: ముందువి ఆరున్నర, వెనకవి రెండు. మూడో నంబరు స్టైనార్ మాస్టారివి: వెనకవి ఒకటిన్నర. మాస్టారూ, వాటితో నడపడం నేరమండీ. నాలుగు..."

అలా పదకొండు ఇళ్లూ చదివింది. హాల్వోర్‌ది తప్ప పది కార్లకూ వెనక టైర్లు బోడిగుండ్లే. హాల్వోర్‌వి నెలక్రితం వేసినవి కాబట్టి నాలుగున్నర ఉన్నాయి. అప్పటిదాకా హాల్లో అదే మెరుగైన అంకె. "పన్నెండో నంబరు ఆస్లౌగ్ గారివి: నాలుగు చక్రాలూ సమానంగా ఆరు. వేసి అయిదేళ్లయింది," అని ముగించి యోరున్ కూర్చుంది.

వాఫుల్ పెనం మీద ఒకటి మాడుతున్నా ఎవరూ లేవలేదు. హాల్వోర్ ఒక్కొక్కరి మొహమే చూశాడు. ప్రసూతి ఆసుపత్రి నర్సు, చర్చి కోశాధికారి, యోగా నేర్పించే దంపతులు, అందరూ తమ తమ పళ్లేల్లోకి చూసుకుంటున్నారు. అందరి కుడికాళ్లూ బల్లల కిందికి ముడుచుకుని ఉన్నాయి. తానొక్కడే కాదన్న సంగతి మెల్లగా ఆయన బుర్రకెక్కింది. అంత సంతోషం ఆయనకు పెళ్లినాడు కూడా కలగలేదు.

అప్పుడు ఆస్లౌగ్ గారు ఫోర్కు కింద పెట్టింది. "ఇందులో దిగాలు పడ్డానికేముందర్రా? మా వంటింటి కిటికీలోంచి నేను రోజూ చూస్తూనే ఉన్నాను. మిల్లు దగ్గర దీపం పచ్చబడితే చాలు, పోలీసులు తరుముతున్నట్టు దూకుతారు. ఏమయ్యా హాల్వోర్, నువ్వయితే దూకేముందు కాస్త నవ్వుతావు కూడాను. బాగుంటుందేమో, నాకేం తెలుసు. తొక్కుతున్నాం, అందుకే అరుగుతున్నాయి అని రాసేస్తే సరిపోలా? ఈ గాలికోళ్లేంటి, ఈ బూట్ల లెక్కలేంటి?"

జేబులో ఉన్న కాగితంలోనూ అదే రాసి ఉంది. హాల్వోర్ చెయ్యి జేబుదాకా వెళ్లింది. అంతలో స్టైనార్ గొంతు సవరించుకున్నాడు.

"క్షమించాలి, ఒక చిన్న సాంకేతిక ప్రశ్న. ఆస్లౌగ్ గారూ, ఆ సిగ్నల్ దగ్గర అప్పుడప్పుడు మీ కారు మా ముందు ఉంటుంది కదూ?"

"ఉంటుంది. నేనూ ఆ దారినే పోవాలిగా."

"ఎంత వేగంతో పోతారు?"

"నలభై. ఇంకా వేగంగా పోతే గుర్రాలు కనపడవు. అక్కడ పొలంలో మంచి గుర్రాలున్నాయి."

స్టైనార్ లేచి నల్లబల్ల మీద ఒక సూత్రం రాశాడు. ముందున్న వాహనం నిదానంగా పోతే వెనకవాళ్లలో నిరీక్షణ పేరుకుంటుంది. పేరుకున్న నిరీక్షణ ఎక్కడో ఒకచోట విడుదల కావాలి. విడుదలైనప్పుడు వెనక చక్రాలు అరుగుతాయి. ఆస్లౌగ్ గారు ముందు లేని రోజుల్లో కూడా, ఉండవచ్చునన్న భావన వెనకవాళ్లలో పనిచేస్తూనే ఉంటుంది. కాబట్టి ఎవరి టైరు అరగలేదో వారే అరుగుదలకు మూలం. ఈ నియమం ప్రకృతిలో చాలాచోట్ల కనిపిస్తుందని కూడా చెప్పాడు. హాల్లో పదకొండు ఇళ్లవాళ్లూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఎవరో లేచి మాడిపోతున్న వాఫుల్ తీశారు.

అందరూ అధ్యక్షుడి వైపు చూశారు. సున్నివా కూడా చూసింది, కానీ ఆ చూపు వేరు. హాల్వోర్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితాన్ని జేబులోనే మరో మడత పెట్టాడు.

"మిత్రులారా," అన్నాడు లేచి. "ఈ వీధిలో ఎవరినీ వేలెత్తి చూపే ఆచారం మనకు లేదు. మనం ఒక వ్యక్తిని తప్పుపట్టడం లేదు. ఒక వేగాన్ని తప్పుపడుతున్నాం. ఆస్లౌగ్ గారంటే మనందరికీ అపారమైన గౌరవం. ఆ గౌరవంతోనే, ఆ పెట్రోలు వాహనాన్ని వీధి ప్రయోజనం దృష్ట్యా విరమించుకోవలసిందిగా వారిని ప్రేమపూర్వకంగా అర్థిస్తున్నాం. శాస్త్రం చెప్పినప్పుడు వినడమే మన సంస్కృతి."

తీర్మానాన్ని ఓటుకు పెట్టారు. అనుకూలంగా పదకొండు, వ్యతిరేకంగా ఒకటి. చిట్టాలో "ఏకగ్రీవం" అని రాశారు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి, దాన్ని లెక్కలోకి తీసుకుంటే ఇక ఏకగ్రీవమనేదే ఉండదు కదా.

తీర్మానం ప్రతిని మరునాడు హాల్వోరే స్వయంగా తీసుకెళ్లాడు. చెత్తగది తలుపు మీద అంటించి ఊరుకోవడానికి మనసొప్పలేదు. ఆస్లౌగ్ గారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. కాఫీ పోసింది. ఆయన కప్పు పట్టుకున్నాడే గాని తాగలేకపోయాడు.

"అయితే నేను నడపడం మానేస్తే మీ టైర్లు అరగవన్నమాట," అంది.

"సంఘం అభిప్రాయం... అదేనండీ."

"నీ అభిప్రాయం?"

హాల్వోర్ కిటికీలోంచి చూశాడు. మిల్లు సిగ్నల్ అక్కడినుంచి అద్దంలో చూసినట్టు కనిపిస్తోంది. "నేను సంఘం అధ్యక్షుణ్ని కదండీ," అన్నాడు. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

ఆస్లౌగ్ గారు మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసి ఆయన కప్పు పక్కన పెట్టింది. "తీసుకోవయ్యా. మరి నాకు మంగళవారం మోకాలి వైద్యం, బుధవారం ఈత, గురువారం పాటల బృందం, శనివారం సంత, ఆదివారం చర్చి. మిగతా రోజులు కూడా ఏదో ఒకటి ఉంటుంది. ఎవరు తీసుకెళ్తారు?"

వంతుల పట్టిక వేశారు. పట్టికలు వేయడంలో సోల్‌బక్కెన్‌ను మించిన వీధి లేదు. రంగురంగుల గడుల్లో ఏ రోజు ఏ ఇంటి వంతో వివరంగా రాసి తలుపు మీద అంటించారు. ఆస్లౌగ్ గారు దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. దిగుడు నడక మోకాలికి మంచిదని డాక్టరు చెప్పాడట. రోజూ పొద్దున మెల్లగా కొండదిగి, మిల్లు సిగ్నల్ దగ్గర నిలబడేది. ఎర్రదీపం పడి ముందువరసలో ఏ కారు ఆగితే ఆ కారు తలుపు తీసుకుని ఎక్కి కూర్చునేది. సాయంత్రం రోడ్డుకు అవతలిపక్క నిలబడేది. ఎప్పుడూ ఒళ్లో ఒక పళ్లెం, దానిమీద నిండా క్రీము పోసిన కేకు. పాటల బృందానికో, ఈతకొలనులో స్నేహితురాళ్లకో అని చెప్పేది. ఎనభై ఏళ్లు వచ్చేదాకా ఆవిడ కేకు చేసినట్టు ఎవరికీ గుర్తులేదు.

క్రీము కేకు ఒళ్లో ఉన్న ముసలావిడ పక్కన ఉండగా పచ్చదీపం పడితే మనిషి ఏం చేస్తాడు? గుడ్ల మీద నడిచినట్టు కదులుతాడు. ఆవిడ ఎక్కనివాళ్లు కూడా కాలు బిగబట్టుకునేవాళ్లు. చివరి క్షణంలో తలుపు తెరుచుకోదని నమ్మకం ఏముంది? జూన్‌లో యోగా దంపతులు ఒక్కసారి తెగించి తొక్కారు. వాళ్ల ముందుసీటు వెల్లవేసినట్టయింది. ఆస్లౌగ్ గారు పల్లెత్తు మాట అనలేదు. "అయ్యో, అరటిపళ్లది," అని మాత్రం అంది.

హాల్వోర్ కారులోనే ఆవిడ ఎక్కువసార్లు ఎక్కింది. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. ఆగస్టుకు ఆయన పొలంలో గుర్రాలు ఎన్ని ఉన్నాయో చెప్పగలిగేవాడు. ఒకనాడు ఆవిడ కేకు సర్దుకుంటూ అడిగింది: "నిజం చెప్పు. తొక్కితే బాగుంటుందా?"

"చాలా బాగుంటుందండీ," అన్నాడు హాల్వోర్. మూడేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. కళ్లు చెమర్చినంత పనయింది.

"ఈ ముక్క ఆ రోజు హాల్లో అని ఉంటే నేనే చప్పట్లు కొట్టేదాన్ని కదయ్యా," అంది ఆవిడ. దీపం పచ్చబడింది. కారు నలభైతో కదిలింది.

అక్టోబరులో చలికాలపు చక్రాలు బిగించే రోజులొచ్చాయి. యోరున్ పదకొండు కార్ల వేసవి చక్రాలు ఊడదీసి కొలిచింది. సమావేశం తర్వాత హాల్వోర్ తప్ప అందరూ కొత్తవి వేయించుకున్నారు, ఎనిమిది మిల్లీమీటర్లవి. ఇప్పుడు వెనకవి ఏడున్నర, ముందువి ఏడున్నర. హాల్వోర్‌వి మే నెలలో ఎంత ఉన్నాయో ఇంచుమించు అంతే ఉన్నాయి. శరదృతువు శ్రమదానంలో నల్ల దుమ్ము అరసంచికి కూడా రాలేదు. స్టైనార్ ఒక ధ్రువపత్రం తయారుచేసి యోరున్ ముందు పెట్టాడు: "పన్నెండవ నంబరు ఇంటి వాహనమును తొలగించిన పిమ్మట మిగిలిన వాహనముల టైర్ల అరుగుదల దాదాపు నిలిచిపోయినది." యోరున్ అటూ ఇటూ తిప్పి చదివింది. ప్రతి అక్షరం నిజమే. సంతకం పెట్టింది.

ఫలకం వచ్చింది. పురపాలక సంఘం నుంచి ఒక అధికారి వచ్చి నేలమాళిగ హాలు గోడకు మేకు కొట్టాడు. ఒక వీధి తన దుమ్ముకు కారణాన్ని తనే కనుక్కుని, తనే సరిదిద్దుకోవడం ఈ ప్రాంతంలో ఇదే ప్రథమమన్నాడు. హాల్వోర్ ప్రసంగించాడు. "మన నిర్ణయం తొందరపాటని కొందరికి అనిపించి ఉండవచ్చు. నేడు అది శాస్త్రీయంగా రుజువైంది," అన్నాడు. మొదటి వరుసలో ఆస్లౌగ్ గారు కేకు కోస్తూ, కత్తి ఎత్తి ఆయన వైపే చూస్తోంది. ఇంకో మాట ఆయన గొంతుదాకా వచ్చింది. గోడ మీది ఫలకం చూశాడు, చేతులు చప్పట్లకు సిద్ధంగా పెట్టుకున్న పదకొండు ఇళ్లవాళ్లను చూశాడు. ఆ మాట మింగి, కూర్చున్నాడు. మరో రెండేళ్లకు ఆయన్నే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు, ఈసారి నిజంగానే ఏకగ్రీవంగా. ఆస్లౌగ్ గారు కూడా చెయ్యి ఎత్తింది. కూర్చోబెట్టి తిప్పే పదకొండు కార్లను వదులుకునేంత అమాయకురాలు కాదు ఆవిడ.

సోల్‌బక్కెన్ పద్ధతి ఇప్పుడు చుట్టుపక్కల వాడలన్నిటికీ పాకింది. గ్రాన్‌లియావాళ్లు తమ దగ్గర నిదానంగా నడిపే ఒక బడిపంతులును గుర్తించి తాళంచెవి తీసుకున్నారు. నదికి అవతల ఒక వాడలో అలాంటివాళ్లెవరూ దొరక్క, సైకిలు మీద తిరిగే ఒకాయనతో సరిపెట్టుకున్నారు. మీ వీధిలో ఇంకా ఎవరూ దొరకలేదా? అయితే పొరపాటున కూడా కిందికి దిగి మీ టైర్లు చూసుకోకండి. ముందు ఒక కమిటీ వేయండి.